కుచ్చు కట్టందే కదలని తేరు: కంప్లి దగ్గర మా శౌరిపురం క్యాంపు

మా మేనత్త ఇన్నాసమ్మ ఫోన్ చేసిందంటే మామూలుగా రెండే కారణాలు. ఎవరైనా పోయి ఉండాలి, లేదా నేను చేసిన వెధవ పని ఏదో ఆమె చెవిన పడి ఉండాలి. పోయిన నవంబరు చివర్లో వచ్చిన ఫోను ఈ రెంటిలో దేనికీ చెందలేదు. “ఒరే శౌరీ, చేతులు వణుకుతున్నాయిరా. ఈ ఏటి కుచ్చే నేనల్లే ఆఖరు కుచ్చు. వస్తే కళ్ళారా చూడు, లేదంటే తర్వాత ఫోటోలో చూసుకుని ఏడువు” అని పెట్టేసింది. నేను తిరిగి ఫోన్ చేసి, గొంతు మార్చి, “అమ్మా, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కుచ్చుకి లోన్ మంజూరైంది” అన్నాను. “టైర్లకు గాలి కొట్టుకునే వెధవా, నీ గొంతు నాకు తెలీదనుకున్నావా?” అంది. తిట్టు ఎప్పటిలాగే ఉంది గాని చివర్లో గొంతు సన్నబడింది. అది నాకు నచ్చలేదు. డిసెంబరు రెండో తారీఖున గుంతకల్లులో నా టైర్ల షాపు షట్టరు దించి, పొద్దున్నే బళ్ళారి రైలెక్కాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. శౌరిపురం క్యాంపు అంటే తుపాకుల క్యాంపు కాదు. తుంగభద్ర డ్యాము కట్టి కాలువలు తవ్వినప్పుడు గుంటూరు వైపు రైతులు అక్కడ ఉన్న కాస్త పొలమూ అమ్ముకుని, ఇక్కడ చవగ్గా నల్లరేగడి కొని, మొదట డేరాల్లో కాపురం పెట్టారు. డేరాలు పోయి మిద్దెలు లేచాయి గాని క్యాంపు అన్న మాట మాత్రం మిగిలిపోయింది. కంప్లి చుట్టుపక్కల అలాంటి క్యాంపులు చాలా కనబడతాయి. వాటిలో ఎక్కువ హిందువులవి. మాది కతోలిక రైతులది, యాభై అరవై గడప ఉంటుంది. గుడి పునీత శౌరివారిది. అందుకే మా ఊళ్ళో నిలబడి “శౌరీ” అని పిలిస్తే పదిమంది మగాళ్ళు తిరుగుతారు, ఒకటి రెండు దూడలు కూడా తిరుగుతాయి. డిసెంబరు మూడున పండుగ, ముందురోజు సాయంత్రం తేరు. ఆ తేరు ముందు కొత్త వరి కుచ్చు కట్టాలి. కుచ్చంటే కోసిన వరి కంకులను కాడలతో సహా జడలా అల్లి, కింద గింజలు గుత్తిగా వేలాడేట్టు చేసేది. కుచ్చు కట్టందే తేరు కదలదు. పండుగయ్యాక దాన్ని గుడి వసారాలో తగిలిస్తే ఏడాదంతా పిచ్చుకలు తింటాయి. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ దాన్ని అల్లేది మా అత్తే.

గుంతకల్లు నుంచి బళ్ళారికి ప్యాసింజరైతే ముప్పై రూపాయల లోపే, గంటన్నర పడుతుందనుకోండి. స్టేషను బయట ఒగ్గరాణి మిర్చి తినకుండా బస్సెక్కడం పాపం. తిరగమాత పెట్టిన బొరుగులు, పక్కన వేడి మిరపకాయ బజ్జీ, నలభై రూపాయలకు మధ్యాహ్నం దాకా ఆకలి కాదు. బస్టాండు నుంచి కంప్లికి కురుగోడు మీదుగా బస్సులు తరచుగానే ఉన్నాయి, టికెట్టు డెబ్బైకి అటూ ఇటూ. కర్ణాటక ఆధార్ కార్డున్న ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి మగాళ్ళకు సీటు దొరకడం శౌరివారి దయ. నేను కండక్టరు పక్కన వేలాడుతూ కురుగోడు గుట్టలు చూశాను. క్యాంపు కొత్తలో ఇదే దారిలో బళ్ళారి కంటోన్మెంటు వైపు నుంచి ఫాదర్ గారు సైకిలు మీద వచ్చేవారట, నెలకోసారి. ఆయన వచ్చేదాకా జనం పాపాలన్నీ దాచిపెట్టి ఉంచేవాళ్ళనీ, ఆయన వచ్చాక ఒకేసారి వినిపించి ఆయన్ని మంచాన పడేసేవాళ్ళనీ మా నాన్న చెప్పేవాడు. సగం అబద్ధమే అయ్యుంటుంది. మా ఇంట్లో అబద్ధాలు ఆస్తితో పాటు పంచుకున్నవి.

కంప్లిలో దిగేసరికి పదకొండు దాటింది. క్యాంపుకు షేరాటోలో ముప్పై, మనమొక్కరమే అయితే రెండువందలడుగుతారు. బాషా అనే డ్రైవరు నన్ను పైకీ కిందకీ చూసి, “యాడికప్పా?” అన్నాడు.

“శౌరిపురం. తేరు లాగడానికి పిలిపించారు, నేను పహిల్వాన్ని.”

“ఆ పొట్ట చూస్తే నువ్వు తేరు లాగేటట్ల లేవు భాయ్, తేరే నిన్ను లాగల్ల. కూర్చో. అయినా ఈపొద్దు ఆ తేరు కదిలేది అనుమానమే.”

“ఎందుకని?”

“ఆడ పొద్దున్నించి గలాటా ఉండాది. కుచ్చుకి కంకులు లేవంట. క్యాంపులో యా మడిలోనూ ఒక్క కంకి లే, అంతా మిషన్ కోసేసింది. ముసలామె ఒకామె అన్నం గూడ ముట్టలేదంట.”

ఆ ముసలామె ఎవరో నేను అడగలేదు. ఆటోలో కూర్చున్నాక నోట్లోకి ఒక్క చమత్కారమూ రాలేదు, నన్నెరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద సంగతో తెలుస్తుంది. దారి పొడవునా రెండు వైపులా కోసేసిన మళ్ళు, మిషను నమిలి ఊసిన గడ్డి, రోడ్డు మీద సగం దాకా ఆరబోసిన వడ్లు. చిన్నప్పుడు ఈ రోజుల్లో క్యాంపంతా కుప్పనూర్పిడి దుమ్ముతో తుమ్ముతూ ఉండేది. సాయంత్రం గుళ్ళో జపమాల చెప్పేటప్పుడు “దేవమాతా” తర్వాత తుమ్ము, “ప్రార్థించండి” తర్వాత తుమ్ము. మేం పిల్లలం ఎవరు గట్టిగా తుమ్ముతారో పందెం వేసుకునేవాళ్ళం. ఇప్పుడు పంట ఇంటికి రావడానికి ఒక పూట చాలు, తుమ్మడానికి కూడా తీరిక లేదు.

మా అత్త వసారాలో పీట మీద కూర్చుని ఉంది. పక్కన ఎర్ర దారం ఉండ, నీళ్ళ గిన్నె, తడిగుడ్డ. అల్లడానికి కావలసినవన్నీ ఉన్నాయి, ఒళ్ళోనే ఏమీ లేదు. నన్ను చూసి, “వచ్చావా? చూడ్డానికి ఏం లేదు, అన్నం తిని పో” అంది. ఆమె కొడుకు రాయప్ప, అంటే మా బావ, స్తంభానికి ఆనుకుని నేల చూస్తున్నాడు.

జరిగింది ఇదీ. క్యాంపులో ప్రతి రైతూ కోతప్పుడు పొలంలో ఒక మూల వదులుతాడు. దాన్ని శౌరిమూల అంటారు. గుర్తుకు అక్కడ ఒక కర్ర సిలువ పాతుతారు. ఆ మూలను మిషను ముట్టదు, ఇంటివాళ్ళు కొడవలితో కోస్తారు, కుచ్చుకు కంకులు అందులోంచే. ఈ ఏడు పండుగ గొప్పగా చేయాలని మా కుర్రాళ్ళకు ఉత్సాహం పొంగింది. తేరు వెళ్ళే వీధి పొడవునా సిలువలు నిలబెట్టి లైట్లు చుట్టాలనుకున్నారు. కొత్తవి చేయించడమెందుకని ముందురోజు సాయంత్రం పొలాల్లో తిరిగి శౌరిమూలల్లో ఉన్న సిలువలన్నీ పీక్కొచ్చి రంగులేశారు. తెల్లారుజామున, మిగిలిన కాస్త కోత ముగించడానికి, తమిళనాడు నుంచి వచ్చిన కోత మిషను డ్రైవరు దిగాడు. సిలువ ఉన్న మూల వదిలెయ్యమని వాడికి చెప్పారు. వాడు నిజాయితీగా సిలువ కోసం వెతికాడు, ఎక్కడా లేదు, మూలలన్నీ చక్కగా గొరిగేశాడు. ఇప్పుడు వీధిలో ఎటు చూసినా సిలువలు మెరుస్తున్నాయి, తేరుకు కట్టడానికి మాత్రం కంకి లేదు. భక్తి ఎక్కువైనా ప్రమాదమే.

“కొట్లో వడ్లున్నాయిగా, అత్తా?” అన్నాను.

“కాడ లేకుండా దేన్నల్లమంటావురా? వడ్లను దారానికి గుచ్చమంటావా, మల్లెపూలా?” అంది. తర్వాత తన చేతులు తనే చూసుకుంది. “వచ్చే ఏటికి ఈ చేతులుండవు. ఇదొక్కటీ అల్లి చూపించి పోదామనుకున్నా.”

రాయప్పను ఇంటి వెనక్కి లాక్కెళ్ళాను. కాలువ చివరన ఎక్కడైనా కోయని పైరు ఉందా అని అడిగితే నీళ్ళు నమిలాడు. ఉంది, తిమ్మప్పది. తిమ్మప్ప వాళ్ళు క్యాంపు రాకముందు నుంచీ ఇక్కడివాళ్ళు, ఇంట్లో కన్నడం, వీధిలో తెలుగు. వాళ్ళ పొలం మా తూముకు దిగువన, కాలువ చిట్టచివర. “వాడి గట్టు తొక్కనురా నేను. పోయిన నెల నీళ్ళ కాడ మాటా మాటా వచ్చింది” అన్నాడు బావ. నువ్వు తొక్కొద్దులే, నేను తొక్కుతానని బాషా ఆటోనే మళ్ళీ ఎక్కాను. పోను రాను వందన్నాడు. సంగతి విన్నాక, “ఆ అవ్వ కోసమైతే వద్దులే, డీజిల్ పోయించు చాలు” అన్నాడు.

తిమ్మప్ప గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు. నా ఈడువాడే, బడిలో ఒకే బెంచీ. వెనకాల రెండెకరాల వరి బంగారంలా నిలబడి ఉంది.

“ఏన్రీ శౌరప్పా! టైర్ల సావుకారు మా చేలోకి వచ్చినాడే. పంచరేమన్నా అయ్యిందా?”

“అయ్యింది తిమ్మప్పా. మా తేరుకే అయ్యింది.”

మొత్తం చెప్పాను. సిలువల సంగతి వినేటప్పుడు నవ్వాడు, కంకులడిగాక నవ్వు ఆపేశాడు. “మీ క్యాంపోళ్ళు నీళ్ళు ముందర తాగితిరి, నాటు ముందర ఏస్తిరి, కోత ముందర కోస్తిరి. నాది ఇంకా నిలబడి ఉండాదంటే ఎవరి పుణ్యమప్పా? మీదే. మీ తూము కాడ మీరు తాగినంక మిగిలితే గదా నాకొచ్చేది. ఇప్పుడు నా లేటు పైరే మీ దేవునికి కావల్సొచ్చిందా?”

“తిట్టు. తిట్టడం అయ్యాక కొయ్యనివ్వు.”

“నిన్ను తిట్టి ఏం చేసేది, నీకు గుంటెడు మడి గూడ లే. తూము పలక దించేది మీ బావ. ఇదే గట్టు మింద నిలబడి, నీ దిక్కున్న చోట చెప్పుకోపో అన్నాడు. కంకులు నేనేం కాదన్లే. ఆయప్ప వచ్చి అడగల్ల. అడిగితే కోసుకోని పొండి.”

న్యాయమే. కాని రాయప్పను ఆ గట్టు మీదికి తేవడం శౌరివారి వల్ల కూడా కాదు. అలాంటి పనులు దేవుడు నా బోటి వాళ్ళకు వదిలేస్తాడు. ఫోను తీశాను. “బావా, తొందరగా రా! అత్త కొడవలి పట్టుకుని తిమ్మప్ప మడిలో దిగింది. రమ్మంటే రావట్లేదు, కాళ్ళు బురదలో కూరుకుపోయాయి!” అని పెట్టేశాను.

తిమ్మప్ప నోట్లోంచి బీడీ జారింది. “ఓరి నీ పాసుగుల! ఇసుమంత గూడ తడుముకోకుండా చెప్పితివే. బడిలో గూడ ఇంతే నువ్వు.”

పది నిమిషాల్లో రాయప్ప బండి వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు, చొక్కా గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నాడు. బండి స్టాండు కూడా వేయకుండా వదిలేసి, “అమ్మా! అమ్మా!” అంటూ గట్టు దిగి నేరుగా వరిలోకి దూకాడు. మడి మధ్యదాకా వెళ్ళాక గాని అక్కడ ఎవరూ లేరని తెలియలేదు. వెనక్కి తిరిగాడు. నన్ను చూశాడు, తిమ్మప్పను చూశాడు. గట్టు తొక్కనన్న మనిషి నడుం లోతు తిమ్మప్ప పైరులో నిలబడి ఉన్నాడు. ఆ కళ్ళు చూసి నేను ఆటో వెనక్కి జరిగాను.

“అమ్మ లేదప్పా. ఉండేది నేనే” అన్నాడు తిమ్మప్ప.

రాయప్ప పైరు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చివరికి కంకుల వైపు చూస్తూ, “పొద్దున్నుంచి అన్నం ముట్టలేదు తిమ్మప్పా. ఎంత చెప్పినా మెతుకు ముట్టలేదు” అన్నాడు.

“ఇది అడిగినట్టేనా?” అన్నాను ఆటో వెనక నుంచి.

“నువ్వు నోరు మూసుకోప్పా” అని తిమ్మప్ప గట్టు మీది గుడిసె చూరులోంచి రెండు కొడవళ్ళు లాగి, తనే మడిలో దిగి ఒకటి రాయప్ప చేతికిచ్చాడు. ఇద్దరూ పక్కపక్కన వంగి కోశారు. కొడవళ్ళు కరకరలాడాయి. మధ్యలో తిమ్మప్ప, “కాడ పొడుగుండల్లా, పొట్టిగా కోస్తావేంది? మిషన్‌కి అలవాటు పడినావు” అన్నాడు, రాయప్ప ఇంకా కిందికి వంగాడు.

కట్ట తెచ్చి అత్త ముందు పెట్టాం. ఎండ వాలిపోతోంది, గుడి దగ్గర బ్యాండువాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. అత్త కంకులు తడిమి, “ఎవరి చేనురా?” అంది. నేను అబద్ధమొకటి తయారు చేసుకునేలోగా రాయప్ప “తిమ్మప్పది” అనేశాడు. తిమ్మప్ప గుమ్మం బయటే ఉన్నాడు.

“ఆ ఏడూ వాళ్ళదేగా” అంది అత్త, కాడలు తడిగుడ్డలో చుడుతూ.

“ఏ ఏడమ్మా?”

“మేం వచ్చిన మొదటేడు. మడెక్కడిదిరా మాకప్పుడు, అంతా తుమ్మచెట్లు, పాములు. కాలువలో నీళ్ళింకా వదల్లేదు. బండి మీద గుడ్డ పరిచి అదే పీఠంగా పూజ చేయించుకున్నాం. పండుగొచ్చింది, కుచ్చుకు కంకి లేదు. నేను కొత్త కోడల్ని. ఒట్టి గడ్డి జడల్లి పెడితే మా అత్త డేరా వెనక్కెళ్ళి ఏడ్చింది. ఈ తిమ్మప్ప వాళ్ళ అవ్వ అటు పోతా చూసింది. ఆమె మాట మాకు రాదు, మా మాట ఆమెకు రాదు. ఇంటికెళ్ళి కొంగునిండా కొర్ర కంకులు తెచ్చి నా ఒళ్ళో పోసింది. శౌరివారి మొదటి కుచ్చు వరి కాదురా, కొర్ర.”

“ఇన్నేళ్ళూ చెప్పలేదేంటమ్మా?” అన్నాడు రాయప్ప.

“ఎవడడిగాడు? నీళ్ళొచ్చాక మీ అందరికీ వరొక్కటే గుర్తు.”

అల్లడం మొదలుపెట్టింది. మూడు పాయలు, నాలుగు పాయలు, తర్వాత వేళ్ళు మాట వినలేదు. కాడ జారింది, మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. ఆమె తలెత్తి రాయప్పను కాకుండా నన్ను చూసింది. “ఇటు రా. చిన్నప్పుడు నా జడలు మంచం కోడుకు కట్టేసిన చేతులేగా ఇవి. ఇప్పుడు మంచి పనికి పెట్టు” అంది. నా వేళ్ళ మీద ఆమె వేళ్ళు పెట్టి నడిపించింది. టైర్లు విప్పే నా వేళ్ళకు, వరి కాడ ఎంత మెత్తగా ఉంటుందో అప్పుడే తెలిసింది. కుచ్చు పూర్తయింది. నిజం చెబితే గేదెను కట్టే పలుపులా వచ్చింది. అత్త అటూ ఇటూ తిప్పి చూసి, “వచ్చే ఏడు ఇంత వంకరగా అల్లావంటే వేళ్ళు విరగ్గొడతా” అంది. ఆ తర్వాత కంచం తెమ్మంది.

గుడి ముందు తేరు సిద్ధంగా ఉంది. ట్రాక్టరు ట్రాలీ మీద కట్టిన మందిరం, పూలు, లైట్లు, మధ్యలో సిలువ పట్టుకుని శౌరివారు. మా క్యాంపులో కుచ్చు కట్టే గౌరవం కంకులిచ్చిన చేనువాళ్ళది. ఆ లెక్కన ఎవరు కట్టాలో అందరికీ తెలుసు. నొసట విభూతితో తిమ్మప్ప జనం వెనక నిలబడి ఉన్నాడు. పెద్దాయన ఒకరు ఫాదర్ గారిని, “ఆయన కట్టొచ్చాండీ?” అని అడిగారు. ఫాదర్ గారు కుర్రవాడు, గడియారం చూసుకుంటున్నాడు. “కడితేనే కదండీ కదిలేది. కట్టనివ్వండి, పూజకు ఆలస్యమవుతోంది” అన్నాడు. తిమ్మప్ప చెప్పులు విడిచి, చేతులు తువ్వాలుకు తుడుచుకుని ఎక్కాడు. ఎర్ర దారంతో కట్టి, కుర్చీలో కూర్చున్న అత్త వైపు చూసి, “ముడి సరిపోయెనా అవ్వా?” అన్నాడు. అత్త తల ఊపింది. తర్వాత ఆమె అన్న మాట మాత్రం ఎవరూ ఊహించలేదు. “ఈ ఏడు తేరు తూము కాడ తిప్పొద్దు. దిగువకు పోనియ్యండి.”

నాకు తెలిసి తేరు ఎప్పుడూ తూము దాటలేదు. కాలువ గట్టు మీద బండి దారి ఇరుకు. బాషా ఆటో ముందు పెట్టి లైటు వేశాడు, ట్రాక్టరు అంగుళం అంగుళం కదిలింది, ఆడవాళ్ళు కొవ్వొత్తులకు చెయ్యి అడ్డం పెట్టుకుని నడిచారు. తిమ్మప్ప గుమ్మం ముందు వాళ్ళ ఆవిడ హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. శౌరివారికి హారతి కొత్త కావచ్చు, ఏమీ అనలేదు. తిరుగు దారిలో నా ముందు రాయప్ప, తిమ్మప్ప నడుస్తున్నారు.

“నీళ్ళ సంగతి పండగయ్యాక కూర్చుందాం.”

“పండగయినంక అంటే యాపొద్దు?”

“ఎల్లుండి.”

“ఎల్లుండి పొద్దున తూము కాడ ఉంటా. రాకుంటే వచ్చేసారి మీ దేవునికి కంకి నువ్వే పుట్టించుకో.”

ఆ మాటలు వింటూ నడిచాను. మా వాళ్ళు తుమ్మచెట్లు కొట్టి, పాములు తోలి, డేరా కింద పూజలు చేసి ఈ నేలను మడి చేశారని నా చిన్నప్పటి నుంచీ వంద నోళ్ళు చెప్పాయి. అది అబద్ధం కాదు, అరచేతుల కాయలు నేను చూశాను. కాని కొర్ర కంకుల అవ్వ గురించి ఎవరూ చెప్పలేదు. ఆమె పేరు ఈ రోజు దాకా నాకు తెలియదు. తిమ్మప్పనడిగితే, “అవ్వని అవ్వ అనే పిలిచేది, పేరెవరికి తెల్సు” అన్నాడు. మా అమ్మానాన్నల సమాధులకు కొవ్వొత్తి పెట్టి వచ్చాను గాని ఆమెకు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఎల్లుండి ఆ ఇద్దరూ తూము దగ్గర కొట్టుకుంటారో కూర్చుంటారో కూడా అప్పటికి తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆ రాత్రి అత్త రెండోసారి అన్నం పెట్టించుకుని, నా కుచ్చు ఎంత వంకరో ఎదురింటామెకు సంతోషంగా చెప్పుకుంది.

వెళ్ళాలనుకునే వాళ్ళకు ఒక్క సలహా. డిసెంబరు రెండున మధ్యాహ్నం లోపు కంప్లి చేరండి, వాన పడే సూచన ఉంటే మానేయండి, కాళ్ళకు మాత్రం ఇట్టే విడిచే చెప్పులే వేసుకోండి. తేరు ఇక నుంచి దిగువ గట్టు మీదుగా కూడా వెళ్తుందట. నేను గొప్పకు పోయి కొత్త బూట్లు వేసుకెళ్ళాను, ఒకటి ఇప్పటికీ తిమ్మప్ప పిల్లకాలువలోనే ఉంది. దొరికితే చెప్పండి, ఎడమ కాలిది.